అనుకరణ దగ్గరే ఆగిపోలేదు!

వీడియోలు చూసి సొంతంగా ఓ స్కిల్ నేర్చుకున్నారు. మొదట్లో చకచకా వచ్చేసింది. ఇప్పుడు మాత్రం వచ్చిన నాలుగు ముక్కలే మళ్లీ మళ్లీ చేస్తున్నారా? అయితే జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గొమరీ గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

ఆయన 1923లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పుట్టారు. దాదాపు ఇరవై ఏళ్ల వయసులో చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, ఆరు తీగల గిటార్ కొన్నారు. నేర్పేవాళ్లు లేరు. నొటేషన్ చదవడం రాదు. రికార్డు పెట్టుకుని ఒక్కో స్వరాన్నీ చెవితో పట్టుకున్నారు. కొన్ని నెలల్లోనే ఆ సోలోలు అచ్చుగుద్దినట్టు వాయించి ఓ క్లబ్‌లో పని సంపాదించారు. చిక్కల్లా ఏంటంటే, అవి అయిపోతే వాయించడానికి ఇంకేమీ లేదు!

చాలామంది అక్కడే ఆగిపోతారు. వెస్ మాత్రం తెలిసినదాన్నే కొత్తగా ప్రయత్నించారు. తీగలు మీటడానికి పిక్ వదిలేసి బొటనవేలు వాడారు. ఇంట్లో సాధన చేసేటప్పుడు శబ్దం ఎక్కువ కాకుండా అలా మొదలుపెట్టారని చెబుతారు. ఆ మెత్తని నాదమే ఆయన గుర్తింపు అయింది. ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో కలిపి మీటే ఆక్టేవ్‌లపై పట్టు సాధించారు. ఒంటి స్వరాలతో మొదలెట్టి, ఆక్టేవ్‌లలోకి, తర్వాత కార్డ్స్‌లోకి వెళ్తూ సోలోని మెట్టు మెట్టుగా పెంచేవారు.

ఇదంతా తీరిగ్గా కూర్చుని చేసింది కాదు. 1948 నుంచి 1950 దాకా లయొనెల్ హాంప్టన్ బృందంతో ఊళ్లు తిరిగి ఇంటికొచ్చేశారు. పెద్ద కుటుంబం, చాలని సంపాదన. పగలు ఫ్యాక్టరీలో ఉద్యోగం, రాత్రి క్లబ్బుల్లో గిటార్. అలా ఏళ్లు గడిచాయి. 1959లో శాక్సఫోన్ కళాకారుడు కానన్‌బాల్ ఆడర్లీ ఆయన వాయించడం విని, రివర్‌సైడ్ రికార్డ్స్‌కి సిఫార్సు చేశారు. అప్పటికి వెస్‌కి 36 ఏళ్లు. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్‌తో జాజ్ లోకమంతా ఆయనవైపు తిరిగింది. 1968లో, 45 ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు.

ఆయనకి తొలి పని తెచ్చిపెట్టింది అనుకరణే. కాబట్టి చూసి నేర్చుకోవడం తప్పేం కాదు. కానీ ఆడర్లీని ఆకట్టుకున్నది క్రిస్టియన్ సోలోలు కాదు, వెస్ సొంత బాణీ. మీరూ ఈ వారం ఓ పని చేసి చూడండి. వీడియో చూసి చేసిన ప్రాజెక్టునే, దాన్ని మూసేసి, ఒక్క షరతు మార్చి మళ్లీ చేయండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. రేపటి సాధన అక్కణ్నుంచే మొదలెట్టండి.