కరవది నుంచి శ్రీరంగం దాకా: నాగస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా సాహెబ్

పెద్దల జీవితాలు రాయమంటే మనం సాధారణంగా ఆలిములను, కవులను, దేశం కోసం జైలుకు పోయినవాళ్ళను తలుచుకుంటాము. నేను ఈసారి ఒక వాద్య విద్వాంసుని గురించి రాస్తున్నాను. ఆయన పేరు షేక్ చిన మౌలానా సాహెబ్. ఆయన ఊదిన వాద్యం గుడి ముంగిట, రథం ముందర, పెండ్లి పందిట్లో మోగేది. పేరు మనది, వాద్యం గుడిది. ఈ రెండూ ఒక మనిషిలో ఎట్లా కలిసినాయి? ఆ మనిషి దేనికోసం సొంత ఊరు వదిలి అంత దూరం పోయినాడు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే మన పిల్లలకు కూడా పనికివస్తుందని నా నమ్మకము.

చిన మౌలానా సాహెబు గారు 1924 మే 12న కరవది గ్రామంలో పుట్టినారు. ఒంగోలుకు దగ్గర ఊరు. ఆ రోజుల్లో అది మదరాసు రాజధానిలో గుంటూరు జిల్లా కింద ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా వేరుగా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టినారు. వాళ్ళ వంశంలో నాగస్వరం సుమారు మూడు వందల ఏండ్లుగా వస్తున్నదని చెబుతారు. తండ్రి ఖాసిం సాహెబ్. ఆయనే మొదటి గురువు. అంటే ఈ బిడ్డకు అలిఫ్ బే తోపాటు సరిగమలు కూడా ఇంట్లోనే దొరికినాయి.

ఇది వినగానే మనలో కొందరికి ఆశ్చర్యం కలుగుతుంది. ముసల్మాను ఇంట్లో నాగస్వరమా అని. కాని చిలకలూరిపేట, ఒంగోలు ప్రాంతాలలో ఇది వింత కాదు. అక్కడ ఎన్నో ముస్లిం కుటుంబాలకు తరతరాలుగా ఇదే వృత్తి. తండ్రి ఊదితే కొడుకు పక్కన కూర్చుని శ్రుతి పట్టేవాడు, కొంచెం పెద్దవాడైతే తానూ ఊదేవాడు. ఊరి గుడిలో ఉత్సవం జరిగినా, ఊళ్ళో పెండ్లి జరిగినా పిలుపు వాళ్ళకే. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ మతం అడిగే అలవాటు లేదు. ఉత్తరాదిలో కాశీ పట్నంలో గంగ ఒడ్డున షహనాయీ ఊదిన బిస్మిల్లా ఖాన్ సాహెబు గారి పేరు మనందరికీ తెలుసు. 2001లో భారతరత్న పొంది, 2006లో ఆయన ఇంతెకాల్ అయినారు. దక్షిణాదిలో ఆ వరుసలో చెప్పుకోవలసిన పేరు చిన మౌలానా గారిది.

వాద్యం గురించి రెండు మాటలు చెప్పాలి. తెలియకపోతే ఆయన పడిన కష్టం మనకు అర్థం కాదు. నాగస్వరం కట్టెతో చేసిన గొట్టం. పైన సన్నగా మొదలై కిందికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది, చివర అనసు ఉంటుంది. నోట్లో పెట్టుకునేది రెల్లుతో చేసిన పీక. ఫారసీలో నయ్ అంటే రెల్లు, దానితో చేసిన పిల్లనగ్రోవి కూడా నయ్ అనే అంటారు. షహనాయీలో ఉన్నది ఆ మాటే. మనం తెలుగులో సన్నాయి అనేది కూడా దాని చుట్టమే. వేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. హార్మోనియంకు ఉన్నట్టు దీనికి మెట్లు లేవు. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ నడుమ ఉండే సన్నని ఒంపులన్నీ ఊపిరితో, పెదవులతో, వేలికొసలతో తీయవలసిందే. పెదవి ఒక్క నూలు వదులైనా శ్రుతి పోతుంది. అందుకే నాగస్వరం వాయించేవాళ్ళు పసితనంలోనే మొదలుపెడతారు, రోజుకు గంటలకొద్దీ సాధకం చేస్తారు. మన భాషలో రియాజ్.

నాగస్వరాలలో రెండు రకాలు. తిమిరి అనేది పొట్టిది, శ్రుతి హెచ్చు. బారి అనేది పొడవైనది, శ్రుతి తక్కువ, నాదం గంభీరం. వెనకటి రోజుల్లో తిమిరిదే వాడుక. ఊరేగింపులో నాలుగు వీధుల అవతలికి వినిపించాలంటే ఆ గట్టి శ్రుతి కావాలి కదా. తమిళనాడులో తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై అనే మహా విద్వాంసులు ఉండేవారు. 1898లో పుట్టి 1956లో పోయినారు. బారి నాగస్వరాన్ని వాడుకలోకి తెచ్చినవారు ఆయనే. బారి వచ్చినాక వీధిలో మోగే వాద్యం సభలో కూర్చుని నిదానంగా వినదగిన వాద్యం కూడా అయింది. ఒక్క రాగాన్ని తీసుకుని గంటలకొద్దీ విస్తరించే పద్ధతి తంజావూరు విద్వాంసులది. ఆయన తోడి రాగం పేరు చెబితే చాలు, ఆ కాలపువాళ్ళు చెవి కోసుకునేవాళ్ళు.

ఇక మన కథకు వద్దాము. చిన మౌలానా గారు తండ్రి దగ్గర నేర్చుకున్న తరువాత చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబు గారి దగ్గర చేరినారు. ఆదం సాహెబు గారు ఆంధ్ర దేశంలో పేరుమోసిన నాగస్వర విద్వాంసులు. అక్కడికి ఇంటి విద్య పూర్తయినట్టే. ఆ చదువుతో ఆంధ్రలో బ్రతకవచ్చు. పెండ్లిళ్ళు ఉన్నాయి, ఉత్సవాలు ఉన్నాయి, వంశానికి పేరు ఉన్నది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగితే తప్పు అనేవాళ్ళు కూడా లేరు.

ఆయన ఆగలేదు. రాజరత్నం పిళ్ళై గారి వాద్యం ఆయన మనసును పట్టుకున్నది. ఆ తంజావూరు బాణీ తనకు రావాలని పట్టుదల కలిగింది. వినికిడితో వచ్చే విద్య కాదది. దాన్ని ఆ నేలమీద, ఆ గురువుల ఇంట్లో కూర్చుని నేర్చుకోవలసిందే. అందుకని కుంభకోణం దగ్గర నాచ్చియార్‌కోయిల్ అనే ఊరికి పోయి, రాజం, దురైకణ్ణు అనే అన్నదమ్ముల దగ్గర శిష్యరికం చేసినారు. గురువులు హిందువులు, శిష్యుడు ముసల్మాను. గురువులది తమిళం, శిష్యుడిది తెలుగు నేల. వాళ్ళు చెప్పినారు, ఈయన నేర్చినాడు.

మనం ఇక్కడ కొంచెం ఆలోచించాలి. ఇంట్లో ఉస్తాద్ అని పిలిపించుకోగలిగినవాడు ఇంకొకరి ఇంట్లో షాగిర్దుగా కూర్చోవడం సులభం కాదు. గురుకులవాసం అంటే ఫీజు కట్టి గంట పాఠం విని వచ్చేది కాదు. గురువు వెంట కచేరీలకు పోవాలి, రాత్రంతా రథం ముందర నిలబడాలి, వాయించమన్నప్పుడు వాయించాలి, ఆపమన్నప్పుడు ఆపాలి. అలవాటైన వేలిపట్టు మార్చుకోవాలి. వచ్చిన విద్యను కొంత మరిచిపోయి మళ్ళీ నేర్వాలి. కొత్త విద్య కంటే ఇదే కష్టమని ఏ ఉపాధ్యాయుడిని అడిగినా చెబుతాడు.

ఇందులో ఇంకొక సంగతి ఉన్నది. తంజావూరు సీమలో వాయించే కీర్తనలలో ఎక్కువ భాగం తెలుగు. 1847లో కాలం చేసిన త్యాగరాజస్వామి ఉండిన తిరువయ్యారు ఆ సీమలోనే ఉన్నది. అక్కడి విద్వాంసులలో ఎంతోమంది తెలుగు నేర్చుకుని ఆ కీర్తనల భావం గ్రహించేవారు. చిన మౌలానా గారికి ఆ మాటలు చిన్ననాటినుంచి చెవిన పడినవే. తెలుగు పాటను గొప్పగా వాయించే పద్ధతి కోసం తెలుగుదేశపు ముసల్మాను తమిళదేశం పోయినాడు. విద్య ఎక్కడ దాగి ఉంటుందో ముందుగా ఎవరికి తెలుసు?

తరువాత ఆయన తిరుచిరాపల్లి పక్కన శ్రీరంగంలో స్థిరపడినారు. కావేరి, కొల్లిడం అనే రెండు పాయల నడుమ ఉన్న ద్వీపం అది. అక్కడి రంగనాథస్వామి గుడి దేశంలోని అతి పెద్ద ఆలయాలలో ఒకటి. గుడి సేవలో నాగస్వరం లేనిదే ఉత్సవం కదలదు. స్వామి బయలుదేరేటప్పుడు మల్లారి, రాత్రి పవళింపు వేళ నీలాంబరి, ఇట్లా వేళకు తగిన వాద్యం ఉంటుంది. అటువంటి చోట తమిళ విద్వాంసులు వంద కండ్లతో చూస్తుండగా, ఆంధ్రనుంచి వచ్చిన మనిషి వాళ్ళ బాణీలోనే వాయించి మెప్పించినాడు. తంజావూరు బాణీకి ఆయన ఒక ప్రమాణమని తమిళులే ఒప్పుకున్నారు. ఇంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది?

ఇక అందరి మనసులో ఉండే ప్రశ్న. ముసల్మాను గుడిలో వాయించవచ్చునా, అసలు సంగీతమే మనకు తగునా అని. సంగీతం విషయంలో మన ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కొందరు పూర్తిగా వద్దన్నారు, సూఫీ బుజుర్గులలో కొందరు సమా పేరుతో కొన్ని షరతులమీద ఒప్పుకున్నారు. ఆ తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. నేను బడిపంతులుని. నాకు కనబడేది ఒక్కటే. చిన మౌలానా గారు గౌరవం కోసం పేరు మార్చుకోలేదు. షేక్ అనే మాటను దాచుకోలేదు. ముసల్మానుగా పుట్టి, ముసల్మానుగా బ్రతికి, ముసల్మానుగానే పోయినారు. అదే సమయంలో తాను వాయించే కీర్తనలోని భక్తిని నకిలీగా చూడలేదు. రాముని మీద, రంగనాథుని మీద ఆయనకు ఉండిన గౌరవం ఊరందరికీ తెలిసినదే. ఈ రెండింటికీ ఆయన లోపల తగాదా లేదు. తగాదా ఉంటే అది చూసేవాళ్ళ కండ్లలో ఉండవచ్చు.

బిరుదులు ఆలస్యంగానైనా వచ్చినాయి. కేంద్ర సంగీత నాటక అకాడెమీ వారు పురస్కారం ఇచ్చినారు. 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అమెరికా, జర్మనీ మొదలైన దేశాలకు పోయి కచేరీలు చేసినారు. మదరాసు మ్యూజిక్ అకాడెమీ వారు ఇచ్చే సంగీత కళానిధి బిరుదు కర్ణాటక సంగీతంలో అందరూ కోరుకునే గౌరవం. పాడేవాళ్ళకే అది ఎక్కువగా దక్కుతుంది, నాగస్వరం వాళ్ళకు దక్కింది చాలా తక్కువ. 1998 సంవత్సరానికి ఆ బిరుదు చిన మౌలానా గారికి వచ్చింది. కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న, ఆయన కన్నుమూసినారు. అప్పటికి డెబ్బయి అయిదేండ్లు నిండడానికి ఒక్క నెల తక్కువ.

బిరుదులకంటే నాకు పెద్దదిగా తోచేది ఇంకొకటి ఉన్నది. 1982లో ఆయన శ్రీరంగంలో శారదా నాగస్వర సంగీత ఆశ్రమం అనే పాఠశాల పెట్టినారు. తాను ఇల్లు వదిలి, భాష దాటి, వెతుక్కుంటూ పోయి సంపాదించిన విద్యను దాచుకోలేదు. తన మనుమలు కాసిం, బాబులకు నేర్పినారు, వాళ్ళు జంటగా కచేరీలు చేసి తాతగారి బాణీ నిలబెట్టినారు. బయటినుంచి వచ్చినవాళ్ళకూ నేర్పినారు. ప్రకాశం జిల్లానుంచి పోయి ఆయన దగ్గర నేర్చుకున్న దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ గార్లకు 2020లో పద్మశ్రీ ప్రకటించినారు. ఈ రెండో పేరు మన ఆడబిడ్డలు గుర్తుపెట్టుకోవాలి. ఊపిరి బలం కావలసిన వాద్యం, మగవాళ్ళదే అని అందరూ అనుకునే వాద్యం. దాన్ని ఒక ముస్లిం స్త్రీ భర్తతో సరిసమానంగా కూర్చుని వాయించి దేశం గౌరవం పొందింది.

ఈ కథతో మన రామకుప్పానికి ఏమి పని అని ఎవరైనా అడగవచ్చు. మనం మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్నాము. ఒకవైపు పోతే తమిళం, ఇంకొకవైపు పోతే కన్నడం. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. సంతకు పోయిన మన పిల్లవాడు నాలుగు భాషల్లోనూ బేరం చేయగలడు. బేరానికి దాటే హద్దును చదువు కోసం దాటమంటే మాత్రం వెనకాడుతాము. నాన్న చేసే పని ఉంది కదా, అది చాలు అంటాము. పదో తరగతి దగ్గరే బిడ్డను దుకాణంలో కూర్చోబెడతాము. మన వీధి దాటిపోతే మనవాడు మనవాడు కాకుండా పోతాడేమో అని మరొక భయం.

చిన మౌలానా సాహెబు గారి జీవితం ఈ రెండింటికీ జవాబు చెబుతున్నది. నాన్న పని చేయడంలో తక్కువతనం లేదు, ఆయన చేసింది నాన్న పనే. కాని నాన్న దగ్గర ఉన్నంత నేర్చుకుని, మిగిలినది ఎక్కడ ఉంటే అక్కడికి పోయినారు. పోయినచోట ఎవరి మతమైనా, ఎవరి భాషైనా, గురువు గురువే అనుకున్నారు. ఇల్మ్ కోసం దూరం పోవడం మన బుజుర్గులు నేర్పిన పద్ధతే కదా. పోయినందువల్ల ఆయన తనవాళ్ళకు దూరం కాలేదు. ఆయన పేరు ఈ రోజు కరవదిలో వాళ్ళు మావాడు అంటారు, శ్రీరంగంలో వాళ్ళు మావాడు అంటారు, మనమూ అంటున్నాము.

మన సంఘం సభ్యులు, ముఖ్యంగా తల్లులు, ఈ పేజీ చదివిన తరువాత ఇంట్లో పిల్లలకు ఆయన పేరు ఒకసారి చెప్పండి. వీలైతే ఆయన వాయించిన తోడి రాగమో, కల్యాణి రాగమో వినిపించండి. రికార్డులు దొరుకుతాయి. రాగం పేరు తెలియకపోయినా ఫరవాలేదు. ఆ ఊపిరి వెనక ఎన్నేండ్ల రియాజ్ ఉన్నదో చెవికి తెలుస్తుంది. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మన బిడ్డలకు నేర్చుకోవాలనే ఆకలి, నేర్పేవాడి ముందు కూర్చునే అదబ్ ఇచ్చుగాక. ఆమీన్.