డాక్టరు జేమ్సు లిండు

ఒక మందు మంచిదని పలువురు పెద్దలు చెప్పినంత మాత్రమున అది మంచిదగునా? ఈ ప్రశ్నకు సరియైన మార్గమున సమాధానము వెదకిన తొలివారిలో డాక్టరు జేమ్సు లిండు ముఖ్యుడు. ఆ మహనీయుని చరిత్రమును మా పాఠకుల యెదుట సంగ్రహముగా నుంచుచున్నాము.

లిండు 1716 సంవత్సరమున స్కాట్లండునందలి ఎడింబరో నగరమున జన్మించెను. 1731లో నొక శస్త్రవైద్యుని కడ శిష్యుడై పని నేర్చి, 1739లో బ్రిటిషు నౌకాదళమున వైద్యసహాయుడుగా చేరెను. ఆ కాలమున నావికులకు శత్రువుల ఫిరంగులకంటె స్కర్వీ యను వ్యాధియే యెక్కువ భయంకరముగా నుండెను. నెలల తరబడి ఉప్పు మాంసమును, ఎండు బిస్కత్తులును తినువారికి చిగుళ్లు వాచి నెత్తురు కారును, దంతములు కదలును, ఒడలిపై నల్లని మచ్చలు లేచును, తుదకు మరణము సంభవించును. 1740లో ఆన్సను అను నౌకాధిపతి వెంట భూప్రదక్షిణమునకు బయలుదేరిన వారిలో సగముకంటె నెక్కువమంది తిరిగి రాలేదు. వారిలో పెక్కుమందిని పొట్టనబెట్టుకొన్నది ఈ వ్యాధియే.

దీనికి మందులు లేకపోలేదు; మిక్కిలిగా నుండెను. ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క దానిని పొగడుచుండెను. ఏది నిజమో తేల్చువారు లేరైరి.

1747 మే 20వ తేదీన సాల్స్‌బరీ యను యుద్ధనౌకపై వైద్యుడుగా నున్న లిండు, వ్యాధిలక్షణములు సాధ్యమైనంత వరకు సమానముగా నున్న 12 మంది రోగుల నెన్నుకొనెను. వారినందరను ఒకే చోట పరుండబెట్టి, ఒకే విధమగు ఆహార మిప్పించెను. పిమ్మట నిద్దరిద్దరుగా విభజించి, ఒక జతకు ఆపిలుపండ్ల రసమును పులియబెట్టిన సైడరును, ఒక జతకు గంధకామ్లము కలిపిన మందుచుక్కలను, ఒక జతకు వినెగరును, ఒక జతకు సముద్రపు నీటిని, ఒక జతకు దినమునకు రెండు నారింజపండ్లును ఒక నిమ్మపండును, చివరి జతకు వెల్లుల్లి, ఆవాలు మొదలగువానితో నూరిన ముద్దను ఇచ్చెను. పండ్లు ఆరు దినములలోనే యైపోయినవి. అయినను వానిని తిన్న యిద్దరిలో నొకడు పనిలోనికి వెళ్లగలిగెను. రెండవవాడు తక్కిన రోగులకు పరిచర్య చేయుటకు నియమింపబడెను. సైడరు త్రాగినవారికి కొంత గుణము కనబడెను. తక్కినవారికి చెప్పదగిన మేలు కలుగలేదు.

ఇందలి గొప్పతనము పండ్లలో లేదు, పోలికలో నున్నది. ఒక్క రోగికి మందిచ్చి, అతడు బాగుపడినచో, అది మందువలననో, ఆహారమువలననో, కాలవశముననో చెప్పలేము. అన్నియు సమానముగా నుంచి మందును మాత్రమే మార్చినపుడు నిజము దానంతట బయటపడును.

లిండు 1748లో ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, 1753లో స్కర్వీని గూర్చి యొక పెద్ద గ్రంథము ప్రకటించెను. కాని ఈ పరీక్షావృత్తాంతము అందు కొలది పంక్తులలోనే యిమిడిపోయెను. పైగా, పండ్లరసమును నిలువయుంచుటకై కాచి చిక్కబరచవలెనని యాయన సూచించెను. కాచుటవలన దాని గుణము నశించునని అప్పటివారికి తెలియదు. 1758 మొదలు 1783 వరకు హాస్లరు నౌకావైద్యశాలలో వేలకొలది రోగులకు సేవచేసి, 1794లో లిండు మరణించెను. మరుసటి యేటగాని నౌకాధికారులు నావికులందరకు నిమ్మరస మిప్పించుటకు పూనుకొనలేదు. గ్రంథము వెలువడిన పిమ్మట 42 సంవత్సరములు గడచెను. ఈ లోపల నశించిన ప్రాణములకు లెక్క యెవ్వరు చెప్పగలరు?

నేడు అట్టి పరీక్షలను క్లినికల్ ట్రయల్సు అందురు. మందుల కంపెనీలే కాక విశ్వవిద్యాలయములును వానికి పూచీ వహించుచున్నవి. పూచీ యనగా ధన మిచ్చుట మాత్రమే కాదు. పరీక్ష నియమము తప్పకుండ నడుచుటకును, రోగుల క్షేమమునకును జవాబుదారి యగుట. ఎవరికి ఏ మందు చేరవలెనో వైద్యుని యిష్టమునకు వదలక, చీట్లు వేసినట్లు నిర్ణయింతురు. రోగికి సర్వము వివరించి సమ్మతి పొందుదురు. ఇష్టము లేనిచో నతడెప్పుడైనను విరమించుకొనవచ్చును. లిండు కాలమున నిట్టి కట్టుబాట్లు లేవు.

2020లో కోవిడు వ్యాధి ప్రబలినపుడు ఆక్సఫర్డు విశ్వవిద్యాలయము తన పూచీపై నొక గొప్ప పరీక్ష జరిపెను. పలువురు ఆశపెట్టుకొన్న హైడ్రాక్సీక్లోరోక్విను ఆసుపత్రులలోని రోగులకు మేలు చేయదని అందు తేలెను. డెక్సామెథసోను అను చౌకయగు పాతమందు మాత్రము ప్రాణవాయువు అవసరమైన రోగుల మరణములను తగ్గించెను. ఆ ఫలితము ప్రకటింపబడిన జూను 16వ తేదీననే బ్రిటనులో దాని వాడుకకు అనుమతి లభించెను. నాడు 42 ఏండ్లు పట్టినది నేడు ఒక్క దినములో జరిగెను.

విద్యార్థులారా! పరీక్షింపక నమ్మకుడు. పరీక్షలో తేలిన నిజమును ఆచరణలో పెట్టుటకు ఆలసింపకుడు. లిండు జీవితము మనకు నేర్పు పాఠములు ఈ రెండేయని మేము తలంచుచున్నాము.