నవ్వులో కష్టం దాచిన చక్రపాణి

మిస్సమ్మ, గుండమ్మ కథ చూడని తెలుగువాళ్లు అరుదు. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి గురించి గంటలకొద్దీ మాట్లాడతాం. ఆ కథలన్నిటి వెనక నిలబడ్డ మనిషిని మాత్రం మరిచిపోతాం. ఆయనే చక్రపాణి గారు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. మన గుంటూరు జిల్లా తెనాలిలో 1908 ఆగస్టు 5న ఒక మధ్యతరగతి వ్యవసాయ కుటుంబంలో పుట్టారు.

జాతీయోద్యమం రోజుల్లో హైస్కూలు చదువుకి స్వస్తి చెప్పేశారు. చేతిలో పట్టా లేదన్నమాటే గాని చదవటం మానలేదు. పట్టుబట్టి హిందీ నేర్చుకున్నారు. చక్రపాణి అన్న కలం పేరు కూడా వ్రజనందన శర్మ గారనే హిందీ పండితుడు పెట్టిందే. అంతలో క్షయ పట్టుకుంది. 1932లో మదనపల్లె శానిటోరియంలో చేరారు.

సైన్సు విద్యార్థిగా ఇక్కడ ఒక్కమాట చెప్పాలి. స్ట్రెప్టోమైసిన్‌ని కనుక్కున్నది 1943లో. అంటే 1932 నాటికి క్షయకి మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఆపైన అదృష్టం. పక్క మంచం మీద మనిషి రేపు ఉంటాడో ఉండడో తెలియని చోటు అది. అలాంటి చోట ఇరవై నాలుగేళ్ల ఈ కుర్రాడు చేసిన పనేమిటయ్యా అంటే, తోటి రోగి అయిన ఒక బెంగాలీ ఆయన దగ్గర కూర్చుని బెంగాలీ నేర్చుకోవటం! బతికి బయటపడ్డారు. శరత్ నవలల్ని తెలుగు చేశారు. శరత్‌బాబు తెలుగువాడే కాబోలు అనుకున్న పాఠకులు ఉండేవాళ్లంటే ఆ తెలుగు ఎంత తేటగా ఉండేదో ఊహించుకోండి.

తెనాలిలో కొడవటిగంటి కుటుంబరావు గారితో కలిసి యువ పత్రిక నడిపారు. తర్వాత ధర్మపత్ని (1941), స్వర్గసీమ (1945) సినిమాలకి మాటలు రాశారు. మద్రాసులో బి.నాగిరెడ్డి గారితో స్నేహం కుదిరింది. ఆ ఇద్దరూ కలిసి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ పత్రిక రావటం లేదు గాని, మా ఇంట్లో పాత సంచికలు ట్రంకుపెట్టెలో ఇంకా భద్రంగా ఉన్నాయి. ఆ ఇద్దరిదే విజయా సంస్థ. 1950లో షావుకారుతో మొదలై, పాతాళభైరవితో జెండా ఎగరేసింది. హాలీవుడ్ స్టూడియోల పద్ధతిలోనే నటులకి నెలజీతాలిచ్చి సినిమాలు తీశారు.

1954లో చంద్రహారం గట్టి దెబ్బ కొట్టింది. ఆ మరుసటి ఏడే మిస్సమ్మ. భానుమతి గారితో కొంత తీశాక ఆమెకీ చక్రపాణి గారికీ పొసగలేదు. తీసిన రీళ్లు పక్కన పడేసి సావిత్రిని పెట్టుకున్నారు. దెబ్బతిన్న మనిషికి అంత తెగువ ఎక్కణ్ణించి వచ్చిందో! ఇక కథ చూడండి. చదువుకుని ఉద్యోగం లేని ఒక హిందూ కుర్రాడు, అప్పుల్లో ఉన్న ఒక క్రైస్తవ అమ్మాయి, బడిలో పంతులు పని కోసం మొగుడూ పెళ్లాలమని బొంకుతారు. 1934లో హాలీవుడ్‌లో ఫ్రాంక్ కాప్రా తీసిన ఇట్ హాపెన్డ్ వన్ నైట్‌లోనూ ఇలాంటి బొంకుడే ఉంది. అక్కడిది రెండు మూడు రాత్రుల అవసరం, ఇక్కడిది కడుపు కోసం. డిగ్రీ చేతికి రాబోతున్న మనబోటివాళ్లకి ఆ బొంకు నవ్వుతో పాటు గుండెల్లో కాస్త కలుక్కుమంటుంది.

అయితే నాకొక ఫిర్యాదు ఉంది. చివరికి మేరీ తప్పిపోయిన జమీందారు బిడ్డే అని తేల్చి, మతం చిక్కుముడిని విప్పకుండానే తెంపేశారు. అంత ధైర్యం చేసినాయన ఆ ఒక్క అడుగూ వేస్తే ఏం పోయేది?

అందరూ మిస్సమ్మని పొగుడుతారు గాని, నా ఓటు 1959లో ఎల్.వి.ప్రసాద్ గారి దర్శకత్వంలో వచ్చిన అప్పుచేసి పప్పుకూడుకే. ఇప్పటి పిల్లల్లో దీన్ని చూసినవాళ్లు తక్కువ. సి.ఎస్.ఆర్. వేసిన రామదాసుకి ఒళ్లంతా అప్పులు, పైకి మాత్రం రావుబహద్దూర్ దర్జా. జమీందారు మనవరాలిని కోడలిగా తెచ్చుకుంటే అన్నీ తీరతాయని ఎత్తులు వేస్తుంటాడు. ఎన్టీఆర్, జగ్గయ్య, సావిత్రి, జమున జంటల సరదా అంతా ఈ అప్పుల చుట్టూనే తిరుగుతుంది. 2015లో పొలాలు రాజధాని సమీకరణలోకి పోకముందు మా తుళ్లూరులో పత్తికీ మిరపకీ అప్పు తేకుండా అరక కట్టిన ఇల్లు తక్కువ. మా తాతయ్య ఈ సినిమా టీవీలో వస్తే లేవడు. బాకీలవాళ్లు వచ్చే చోట అందరికంటే పెద్దగా నవ్వేది ఆయనే. బాకీలవాళ్లని గుమ్మంలో నిలబెట్టుకున్న మనిషి అలా ఎలా నవ్వుతాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మదనపల్లె సంగతి చదివాక కొంచెం అర్థమయింది.

పెళ్లిచేసి చూడు (1952)లో కట్నం, గుండమ్మ కథ (1962)లో సవతి తల్లి ఆరళ్లు. ఏదీ ఉత్తుత్తి కష్టం కాదు. కళ్లనీళ్లు పెట్టించే వీలున్న ప్రతిచోటా ఆయన నవ్వే వెతికారు.

1975 సెప్టెంబరు 24న ఆయన పోయారు. శ్రీ రాజేశ్వరీ విలాస్ కాఫీ క్లబ్ ఆయన పోయాక 1976లో బాపు గారి దర్శకత్వంలో విడుదలయింది.