హెరాల్డ్ రిడ్లీ

సర్ హెరాల్డ్ రిడ్లీ (జూలై 10, 1906 - మే 25, 2001) ఇంగ్లాండుకు చెందిన ప్రసిద్ధ నేత్రవైద్యుడు. వృద్ధాప్యంలో చూపు మందగించడానికి ముఖ్య కారణమైన శుక్లాల చికిత్సలో, కంటి లోపల కృత్రిమ కటకాన్ని అమర్చే పద్ధతికి ఈయన ఆద్యుడు.

బాల్యము, విద్యాభ్యాసము

రిడ్లీ లీస్టర్‌షైర్‌లోని కిబ్‌వర్త్‌లో జన్మించాడు. తండ్రి కూడా నేత్రవైద్యుడే. కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కళాశాలలోను, లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలోను విద్య నభ్యసించాడు. అనంతరం అదే ఆసుపత్రిలోను, మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రిలోను శస్త్రవైద్యునిగా పనిచేశాడు.

కృత్రిమ కటకం ఆలోచన

ఆ రోజులలో మసకబారిన సహజ కటకాన్ని తొలగించేవారే గాని, దాని స్థానంలో మరొకటి అమర్చేవారు కారు. అందువలన రోగులు జీవితాంతం సోడాబుడ్డి కళ్ళద్దాలు ధరించవలసి వచ్చేది. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన కొందరు విమాన చోదకుల కళ్ళలో విమానపు పర్‌స్పెక్స్ ముక్కలు గుచ్చుకున్నాయి. కంటిలోనే ఉండిపోయినా అవి హాని చేయకపోవడాన్ని రిడ్లీ గమనించాడు. యుద్ధానంతరం శస్త్రచికిత్సను చూస్తున్న ఒక వైద్య విద్యార్థి, తీసిన కటకానికి బదులు మరొకటి ఎందుకు పెట్టరని అడిగాడు. ఆ ప్రశ్నతో ఈయన ఆలోచనకు రూపం ఏర్పడింది. రేనర్ సంస్థ చేత పర్‌స్పెక్స్ కటకాన్ని తయారు చేయించాడు.

తొలి ప్రయోగం

1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక మహిళకు శస్త్రచికిత్స ప్రారంభించి, 1950 ఫిబ్రవరి 8న కటకాన్ని స్థిరంగా అమర్చాడు. కటకం కంటిలో ఇమిడినా, దాని శక్తి లెక్కకు మించడంతో ఆమెకు తీవ్రమైన హ్రస్వదృష్టి ఏర్పడింది. తరువాతి కటకాలలో ఈ లోపాన్ని సవరించాడు. ప్రయోగాలను గోప్యంగా సాగించి, 1951 జూలైలో ఆక్స్‌ఫర్డ్ నేత్రవైద్య సదస్సులో ఫలితాలను వెల్లడించాడు.

విమర్శలు

కంటిలోని అన్యపదార్థాలను తొలగించడమే వైద్యుల ధర్మమని నమ్మిన కాలమది. సుప్రసిద్ధ నేత్రవైద్యుడు స్టీవర్ట్ డ్యూక్-ఎల్డర్ ఈ పద్ధతిని తీవ్రంగా వ్యతిరేకించాడు. విమర్శలకు ఆధారం లేకపోలేదు. కొందరిలో కటకం జారిపోవడం, కంటిలో వాపు, నీటికాసులు వంటి చిక్కులు తలెత్తి, కటకాన్ని తిరిగి తీసివేయవలసి వచ్చింది. 1966లో రిడ్లీ, పీటర్ చాయిస్ కలిసి ఈ పద్ధతిని అనుసరించే వైద్యుల కొరకు ఒక సంఘాన్ని స్థాపించారు.

గుర్తింపు

కటకాల ఆకృతి, శస్త్రచికిత్సా విధానాలు మెరుగుపడిన పిదప ఈ చికిత్స ప్రపంచమంతటా వ్యాపించింది. భారతదేశంలో మదురైలోని ఆరోల్యాబ్ 1992 నుండి వీటిని తక్కువ ధరకు తయారుచేయడంతో పేదలకు సైతం అందుబాటులోకి వచ్చాయి. రిడ్లీ 1986లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 2000లో సర్ బిరుదు పొందాడు. వృద్ధాప్యంలో ఈయనకూ శుక్లాలు రాగా, తాను తొలి ప్రయోగం చేసిన సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే రెండు కళ్ళకూ కృత్రిమ కటకాలు అమర్చారు. 2001 మే 25న, 94వ ఏట మరణించాడు.