సంతానం లేని నవాబుకు లక్షలాది వారసులు

హైదరాబాదుకు చుట్టాలు వస్తే మనం చార్మినార్ చూపిస్తాం, మక్కా మసీదులో నమాజు చేయిస్తాం, ఆ తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తాం. అక్కడ పిల్లలు ముందుగా పరుగెత్తేది గడియారం దగ్గరికి. గంట అయ్యే వేళకు గడ్డం ఉన్న బుల్లి మనిషి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. ఆ చిన్న వింత కోసం పెద్దలు కూడా ఓపికగా ఎదురు చూస్తారు. మా విద్యార్థులను వెంట తీసుకెళ్ళిన ప్రతిసారీ మేమూ ఆ గుంపులో నిలబడ్డాం. అయితే ఈ వస్తువులన్నీ కూడబెట్టిన మనిషి ఎవరని అడిగితే జవాబు చెప్పేవారు తక్కువే.

ఆయన నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్‌జంగ్. 1889 జూన్ 13న పూనాలో పుట్టారు. నెల తిరగకముందే తండ్రి, రెండవ సాలార్‌జంగ్ మీర్ లాయఖ్ అలీ ఖాన్ కన్నుమూశారు. ముప్పై ఏళ్ళపాటు హైదరాబాదు దివాన్‌గా పేరు మోసిన తాత మీర్ తురాబ్ అలీ ఖాన్ 1883లోనే పోయారు. తాత ఒడి, తండ్రి నీడ ఎరుగని ఈ యతీమ్ బిడ్డ బాగోగులను ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ చూసుకున్నారు. చదువు నిజాం కాలేజీలో సాగింది.

1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనను దివాన్‌గా నియమించారు. అప్పటికి వయసు ఇరవై మూడేళ్ళు. తాత కూర్చున్న గద్దె అది. కాని అక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. 1914లో రాజీనామా చేసి బయటికి వచ్చారు. అధికారం పోయిన మనిషి మళ్ళీ దర్బారు చుట్టూ తిరగడం మనం చూస్తూనే ఉంటాం. ఈయన ఆ దారి పట్టలేదు. మిగిలిన ముప్పై అయిదేళ్ళూ వస్తువులు సేకరించడంలోనే గడిపారు. పెళ్ళి చేసుకోలేదు.

సేకరణ ఆ ఇంటికి కొత్త కాదు. పాలరాతిలో పల్చని మేలిముసుగు కనిపించేలా చెక్కిన రెబెకా విగ్రహాన్ని తాతగారు 1876లో రోమ్ నగరంలో కొన్నారు. మనవడు ఆ అభిరుచిని హద్దులు దాటించారు. దేశవిదేశాల వ్యాపారులు సరుకుతో ఆయన దేవిడీకి వచ్చేవారు. పచ్చరాతి పాత్రలు, దంతపు పనితనం, చేతికర్రలు, గడియారాలు, ఆటబొమ్మలు, ఆయుధాలు అన్నీ చేరాయి. ముందు నుంచి చూస్తే పొగరుబోతు సైతానుగా, వెనుక అద్దంలో చూస్తే తలవంచిన అమ్మాయిగా కనిపించే కొయ్యబొమ్మ ఒకటి. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలున్న ఖుర్ఆన్ ప్రతి మరొకటి. ప్రతి వస్తువూ అపురూపమైనది కాదు. యూరపు చిత్రాలలో నకళ్ళూ ఉన్నాయి. ఆయన పండితుడి లెక్కలో కాక, మనసుకు నచ్చింది కొన్నారు. అందుకే కాబోలు, ఏమీ చదువుకోని మనిషికి కూడా అక్కడ నచ్చేది ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇంత సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్నను దాటవేయకూడదు. అది జాగీరు సొమ్ము. ఎండలో చేను దున్నిన రైతు చెల్లించిన శిస్తే దేవిడీలో పాలరాయిగా, పచ్చరాయిగా మారింది. ఆ రైతుకు ఆ దేవిడీ లోపల ఏముందో చూసే వీలు లేదు.

1949 మార్చి 2న నవాబుగారు ఇంతెకాల్ అయ్యారు. దాయెరా మీర్ మోమిన్‌లో పూర్వీకుల చెంతకు చేరారు. వెంట ఒక్క చేతికర్ర కూడా వెళ్ళలేదు. సైనిక చర్యతో నిజాం పాలన ముగిసి అప్పటికి ఆరు నెలలు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు కూడా రద్దయ్యాయి. సంతానం లేదు. బంధువులు హక్కుదారులుగా ముందుకు వచ్చారు. తర్కాలో వాటా అడగడం తప్పు కాదు, అది షరీఅత్ ఇచ్చిన హక్కు. కాని భూమిని పంచినట్టు రెబెకా విగ్రహాన్ని పంచలేం. వాటాలు వేస్తే వేలకొద్దీ వస్తువులు బజారుకెక్కి చెదిరిపోయేవే.

ఆ గండం గట్టెక్కింది. ఎస్టేటును చూడటానికి ప్రభుత్వం కమిటీ వేసింది. వెల్లోడి పాలనాకాలంలో మ్యూజియం ఆలోచన రూపు దిద్దుకుంది. మదనపల్లె కాలేజీలో పనిచేసి తెలుగువారికి పరిచయమైన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ వస్తువులను వరుసలో పేర్చే బాధ్యత తీసుకున్నారు. 1951 డిసెంబర్ 16న ప్రధాని నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియాన్ని ప్రారంభించారు. ఆ తర్వాత వారసులు హైకోర్టులో రాజీకి వచ్చి సేకరణ మొత్తాన్ని ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు.

నవాబుగారు కూడబెట్టారు. అయితే ఆ కూడబెట్టినది నిలిచింది మాత్రం తమ వాటా వదులుకున్న వారసుల వల్ల. ఈ సంగతి మన ఇళ్ళలో ఆస్తి తగాదాలు వచ్చినప్పుడు గుర్తు చేసుకోవలసినది. శిస్తు కట్టిన రైతు మునిమనవడు ఈనాడు టికెట్టు కొనుక్కుని ఆ గడియారం ముందు నిలబడుతున్నాడు. అతడూ ఒక వారసుడే.

ఈరోజు శుక్రవారం, మ్యూజియానికి సెలవు. రేపు పిల్లలను తీసుకెళ్ళండి. గంట కొట్టాక వారికి ఈ యతీమ్ నవాబు కథ కూడా చెప్పండి.