దిక్కెరిగిన యోధుడు – విలియం లాంబ్టన్

పటాన్నీ దిక్సూచినీ చేతబట్టి, బాటలు లేని కొండల్లో, బీళ్లలో ముందుగా నిర్ణయించిన గుర్తులను వెదకుతూ పరుగెత్తే క్రీడను ఓరియెంటీరింగ్ అంటారు. ఆడేవారికన్నా దానిని నిర్వహించేవారి బాధ్యత గురుతరమైనది. వారు ఆ నేలనంతా ముందే నడిచి చూడాలి. ప్రతి గుర్తునూ పటంలో చూపిన చోటనే నిలపాలి. గుర్తు చోటు తప్పితే ఆటగాడి శ్రమ వ్యర్థం. రెండు శతాబ్దాల క్రితం, పటమే సరిగా లేని కాలంలో, ఇటువంటి బాధ్యతను ఒక ఉపఖండమంత విశాలమైన నేలపై తలకెత్తుకున్నవాడు విలియం లాంబ్టన్. ఆయన కొలతల వరుస జహీరాబాదు పరిసరాల్లోని ఎర్రనేలల మీదుగానే సాగింది.

లాంబ్టన్ పద్దెనిమిదవ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. సైన్యంలో చేరి అమెరికాలో పనిచేశాడు. అక్కడ సూర్యగ్రహణాన్ని తగిన రక్షణ లేకుండా పరిశీలించి ఒక కంటిచూపును దెబ్బతీసుకున్నాడు. గణితం మీద మక్కువ మాత్రం తగ్గలేదు. తరువాత ఆయన దళం భారతదేశానికి వచ్చింది.

1799లో శ్రీరంగపట్టణ ముట్టడి జరుగుతున్నది. ఒక రాత్రి జనరల్ బెయిర్డ్ తన సేనను శిబిరానికి మరలిస్తున్నాడు. వెంట నడుస్తున్న లాంబ్టన్ ఆకాశంలోని సప్తర్షి మండలాన్ని చూశాడు. సేన దక్షిణానికి పోవలసింది, ఉత్తరానికి, అంటే నేరుగా టిప్పు సైన్యం వైపు పోతున్నది. ఆ మాట విన్నవించగా సేనాని నమ్మలేదు. నక్షత్రాల సాయం తనకు అక్కరలేదన్నాడు. కొంతసేపటికి శత్రువుల కాపలాదళం ఎదురైంది. అప్పుడు దీపం వెలిగించి దిక్సూచిని చూస్తే, ఆ చిన్న ఉద్యోగి చెప్పినదే నిజమని తేలింది.

యుద్ధానంతరం ఆయన దక్షిణ భారతాన్ని గణితశాస్త్రరీత్యా కొలవాలని ప్రతిపాదించాడు. శ్రీరంగపట్టణానికి పోదలచినవాడు పల్లకీ బోయీలతో చెబితే చాలదా, ఇంత ఖర్చెందుకని మద్రాసులో ఒక అధికారి ఆక్షేపించాడట! అయినా అనుమతి లభించింది. పన్నులకు, సైన్యాల కదలికలకు పటాలు కంపెనీ ప్రభుత్వానికి అవసరం. లాంబ్టన్‌కు అంతకు మించిన కోరిక ఒకటుండేది. భూమి ఆకారాన్ని నిర్ధారించాలన్నదే అది.

1802లో మద్రాసు సమీపాన ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలవడానికి యాభై ఏడు రోజులు పట్టింది. ఎండకు ఉక్కుగొలుసు సాగుతుంది కనుక దానిని కొయ్యపెట్టెల్లో పరచి, పక్కన ఉష్ణమాపకాలుంచి లెక్క సవరించారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజమంతా తెలుస్తుంది. ఆపై కొండ నుండి కొండకు జెండాలు నిలిపి, అరటన్ను బరువున్న థియొడొలైట్ యంత్రంతో కోణాలు కొలుస్తూ త్రిభుజాలను అల్లుకుంటూ పోయారు. 1804లో బెంగుళూరు వద్ద మరొక రేఖను నేల మీద కొలిచి చూస్తే, లెక్కకూ కొలతకూ తేడా నాలుగు అంగుళాలకు లోపే! ఆ యంత్రాన్ని మోసినవారు, అడవులు కొట్టినవారు, కొండకొమ్మున జెండా పట్టుకొని ఎండకు నిలిచినవారు మాత్రం పేర్లయినా మిగలని కూలీలు. కొండలెక్కి దుర్భిణితో చూసే ఈ దొరలను గ్రామస్థులు, స్థానిక పాలకులు అనుమానించడంలోనూ వింత లేదు.

1808లో తంజావూరులో పెద్ద ఆపద వచ్చింది. కొండలు లేని ఆ మైదానంలో ఆలయ శిఖరమే ఆధారం. యంత్రాన్ని పైకి లాగుతుండగా తాడు తెగి అది గోడకు ఢీకొన్నది. కొలతల చక్రం వంగిపోయింది. ఆ పనికి ప్రాణమే ఆ చక్రం. లాంబ్టన్ ఎవరినీ నిందిస్తూ కూర్చోలేదు. గుడారంలో చేరి, ఆరు వారాలు శ్రమించి, వంపును కొంచెం కొంచెంగా లాగి తిరిగి గుండ్రంగా తెచ్చాడు.

1811లో గుత్తి వద్ద, 1815లో దామరగిద్ద వద్ద ఆధారరేఖలు కొలిచారు. ఈ దామరగిద్ద జహీరాబాదుకు ఉత్తరాన బీదరు ప్రాంతంలోనిది. నారాయణపేట దాపున ఉన్న దామరగిద్ద వేరు. కన్యాకుమారి నుండి ఇక్కడి దాకా దాదాపు పది అక్షాంశ డిగ్రీల చాపం పూర్తయింది. అంత పొడవైన చాపాన్ని భూమధ్యరేఖకు అంత చేరువలో అంతకుముందు ఎవరూ కొలవలేదు. 1818లో ఈ పనికి మహా త్రికోణమితి సర్వే అనే పేరు వచ్చింది. అదే ఏట జార్జి ఎవరెస్టు సహాయకుడుగా నియమితుడై హైదరాబాదుకు వచ్చాడు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో విషజ్వరాలు ఆయన బృందాన్ని మూకుమ్మడిగా పడవేశాయి, కొందరు మరణించారు.

డెబ్బై ఏళ్లకు చేరువైనా లాంబ్టన్ విశ్రాంతి కోరలేదు. హైదరాబాదు నుండి నాగపూరు వైపు పయనిస్తూ 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. చాపాన్ని హిమాలయ పాదాల దాకా కొనసాగించినది ఎవరెస్టు. 1865లో ప్రపంచంలోని అత్యున్నత శిఖరానికి ఆయన పేరే పెట్టారు. లాంబ్టన్ సమాధి హింగన్‌ఘాట్‌లో ఉన్నది.