ఆఖరిసారి చూసి వద్దామని...

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు, అందులోనూ మగవాళ్ళు, ఏ నిర్ణయమైనా లెక్కలు చూసుకునే తీసుకుంటారని మనమనుకుంటాం. థామస్ మన్రో జీవితం చదివినప్పుడల్లా నాకా నమ్మకం సడలిపోతూ ఉంటుంది.

1761లో గ్లాస్గోలో పుట్టిన మన్రో, నిజాం ఈ సీమని కంపెనీకి ధారాదత్తం చేసిన 1800లో కలెక్టరుగా వచ్చాడు. ఆ దత్తమండలాల్లో మా కణేకల్ కూడా ఒకటి. ఏడేళ్ళూ డేరాల్లో ఉంటూ ఊరూరా తిరిగి, భూములు కొలిపించి శిస్తు కట్టాడు. మరీ దేవుణ్ణి చెయ్యక్కర్లేదు లెండి. పాళెగాళ్ళని అణిచిందీ, కంపెనీ ఖజానా నింపిందీ ఆయనే! కానీ వానల్లేని ఈ మెట్టనేలలు అంత శిస్తు మోయలేవని కళ్ళారా చూశాడు. 1807లో వెళ్ళిపోతూ నాలుగోవంతు తగ్గించమని రాశాడు. పైవాళ్ళు వినలేదు. 1820లో మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక తనే తగ్గించాడు. పదమూడేళ్ళు మనసులో పెట్టుకున్నాడన్నమాట.

ఇక ఇంటి సంగతి. యాభై రెండేళ్ళ వయసులో, 1814లో జేన్ కాంప్‌బెల్‌ని పెళ్ళాడాడు. 1826లో చిన్నకొడుక్కి ఒంట్లో బాగాలేక ఆమె బిడ్డని తీసుకుని ఇంగ్లండు ఓడెక్కింది. ఇల్లు బోసిపోయిందని ఆమెకి ఉత్తరాలు రాసుకున్నాడు పాపం. పదవి వదిలేస్తానన్నాడు. కానీ కొత్త గవర్నరు వచ్చేదాకా కదలడానికి లేదు.

మరొకరైతే ఆ నాలుగు రోజులూ మద్రాసు సముద్రపుగాలిలో గడిపేసేవారు. ఈయనకి మాత్రం దత్తమండలాలని ఆఖరిసారి చూసి రావాలనిపించింది. 1827 మే నెలాఖర్లో బయల్దేరాడు. మన ఎండలు తెలిసిందే కదా! దారిలో వెంట ఉన్నవాళ్ళకి కలరా తగిలింది. గుత్తి దాటి పత్తికొండ చేరాక, జూలై 6న పొద్దున ఆయనకీ సోకింది. రాత్రికల్లా ప్రాణం పోయింది.

జేన్ స్థానంలో నేనుంటే ఆ ఊళ్ళంటే కోపం రాదా అనుకుంటాను. ఊరివాళ్ళ పక్షాన ఉన్నాను గనక రావడంలేదంతే.

ఆయన్ని గుత్తిలో పూడ్చి, 1831లో మద్రాసు కోటలోని చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పేర బావి తవ్వించి, చింతతోపు వేశారు. మనవాళ్ళు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఆయన పోయిన కబురు మాత్రం ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి గానీ జేన్‌కి చేరలేదు.